కావలి పిన్‌కోడు 524201 ప్రధాన సంఖ్యే: 12 అంకెల క్యాలిక్యులేటరుతో మీరే నిరూపించే పద్ధతి

ఒంగోలు పిన్‌కోడు 523001. నెల్లూరుది 524001. రెండిటి మధ్య ఉన్న కావలిది 524201. మూడూ బేసి సంఖ్యలే, మూడూ 01తోనే ముగుస్తాయి. చూపుకి ఒక తల్లి పిల్లల్లా ఉన్న ఈ మూడింటిలో ప్రధాన సంఖ్య ఒక్కటే, అది కావలిది. 1, తనూ తప్ప వేరే ఏ సంఖ్యా దాన్ని నిశ్శేషంగా భాగించదు.

ఫోన్‌లో ఏ యాప్‌ను అడిగినా ఈ మాట క్షణంలో చెబుతుంది. కానీ యాప్ చెప్పింది కాబట్టి నమ్మడం వేరు, కాగితం మీద తేల్చుకోవడం వేరు. ఆరంకెల సంఖ్యకు ఆ రెండో పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఇక్కడ రెండు దారులు చూపిస్తున్నాం. మొదటిది బడిలో నేర్చుకున్న భాగహారమే, కాకపోతే 128 సార్లు చేయాలి. రెండో దారిలో పాతిక గుణకారాల లోపే పని తీరుతుంది. ఒక పెద్ద సంఖ్య ప్రధానమని రుజువు చేయాలంటే ముందు దాని పక్క సంఖ్యను, అంటే ఒకటి తక్కువున్న సంఖ్యను పట్టుకోవాలి. రెండో దారికి ఆధారం అదే.

కావలసినవి

ఎరువుల కొట్లో, కిరాణా కొట్లో బల్ల మీద ఉండే 12 అంకెల క్యాలిక్యులేటరు, గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు. 8 అంకెలది పనికిరాదు, ఎందుకో అయిదో మెట్టులో కనిపిస్తుంది. ఫోన్ క్యాలిక్యులేటరు వాడితే ముందు 262100ను 262100తో హెచ్చవేసి చూడండి. 68696410000 అని పదకొండంకెలూ కనబడితే సరే. కుదించి ఘాత రూపంలో చూపిస్తే చివరి అంకెలు పోయినట్టే, దాన్ని పక్కన పెట్టండి.

శేషం తీసే పద్ధతి ఒక్కటే, పని మొత్తంలో మార్చకండి. భాగించండి, దశాంశ బిందువు తర్వాతి భాగం వదిలేయండి, మిగిలిన పూర్ణాంకాన్ని భాజకంతో తిరిగి హెచ్చవేయండి, అసలు సంఖ్యలోంచి తీసేయండి. దశాంశ భాగాన్నే భాజకంతో హెచ్చవేసి శేషం రాబట్టాలని చాలామందికి అనిపిస్తుంది. తెర మీద ఆ భాగం తెగిపోయి ఉంటుంది కాబట్టి శేషం ఒకటో రెండో అటూ ఇటూ అవుతుంది. ఈ లెక్కలో ఒకటి తేడా వచ్చినా మొత్తం పోయినట్టే.

మొదటి మెట్టు: నోటి లెక్కతో పోయేవి

అంకెల మొత్తం చూడండి. 524001కి 12, కాబట్టి 3తో పోతుంది: 524001 = 3 × 174667. నెల్లూరు కథ ఇక్కడే ముగిసింది. 524201కి మొత్తం 14, 523001కి 11. ఆ రెండూ నిలిచాయి.

తర్వాత 7, 11, 13లను ఒకే దెబ్బకు చూడొచ్చు, ఎందుకంటే 7 × 11 × 13 = 1001. ఆరంకెల సంఖ్యను మూడేసి అంకెలుగా విడగొట్టి ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేయండి. కావలికి 524 − 201 = 323. ఇది 7తోనూ, 11తోనూ, 13తోనూ పోదు కాబట్టి 524201 కూడా పోదు.

ఇక్కడ ఒక గుంట ఉంది. 323 అంటే 17 × 19. అది చూసి "17తో పోతుందిగా, అయితే 524201 ప్రధానం కాదు" అని కొట్టేయకండి. ఈ కిటుకు 1001 కారణాంకాలైన 7, 11, 13లకే వర్తిస్తుంది. 17తో నేరుగా భాగిస్తే 17 × 30835 = 524195, శేషం 6. 19తో శేషం 10.

రెండో మెట్టు: 128 భాగహారాలు

ఎంతవరకు భాగించాలి? 724 × 724 = 524176, 725 × 725 = 525625. మన సంఖ్య ఆ రెండిటి మధ్య ఉంది. 524201 రెండు సంఖ్యల లబ్ధమైతే వాటిలో చిన్నది 724 దాటదు. రెండూ 724 దాటితే లబ్ధం 525625కి తగ్గదు. అందుకని 724 లోపు ప్రధాన సంఖ్యలు చాలు. 2 నుంచి 719 దాకా అవి 128.

జాబితాను జల్లెడ పట్టి మీరే తయారుచేసుకోండి. 1 నుంచి 724 దాకా రాసి 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23లను ఉంచి, వాటి మిగతా గుణిజాలను వరసగా కొట్టేయండి. 29కి వర్గం 841, కాబట్టి 23 దగ్గర ఆగిపోవచ్చు. మిగిలినవి లెక్కపెడితే 1ని వదిలేసి 128 రావాలి. జాబితాలోకి 91, 133, 221 లాంటివి పొరపాటున దూరినా నష్టం లేదు, వృథా శ్రమ మాత్రమే. ఒక ప్రధాన సంఖ్య జారిపోతే మాత్రం రుజువు చెల్లదు.

మధ్యలో ఆపేయడం ఎంత ప్రమాదమో పక్కనున్న సంఖ్యలే చెబుతాయి. 523001ని 29 దాకా భాగించినా లొంగదు. 31 దగ్గర విడిపోతుంది: 31 × 16871. అక్కడ 16871 కూడా ప్రధానమే. 524003 అయితే 43 దాకా నిలబడి 47 దగ్గర కూలుతుంది: 47 × 11149. ఇరవై, ముప్ఫై భాగహారాలు చేసి "పోవట్లేదు కాబట్టి ప్రధానమే అయ్యుంటుంది" అనేది ఊహ, రుజువు కాదు.

524201 విషయంలో చివరిదాకా ఏదీ పోదు. కొన్ని మాత్రం ఆశపెట్టి వెళతాయి: 349తో శేషం 3, 353కి నాలుగు తక్కువైంది, 719తో శేషం 50. ప్రతి శేషాన్నీ భాజకం పక్కన రాసి ఉంచండి. ఆ పట్టికతో చివర్లో ఇంకో పని ఉంది.

ఇదే 128 ప్రధాన సంఖ్యల జాబితాతో తేలిపోయే మరో ప్రసిద్ధ సంఖ్య ఉంది. 2¹⁹ − 1 = 524287. దాని వర్గమూలం కూడా 724 దాటి పిసరంతే. అది ప్రధానమని ఇటలీకి చెందిన పియెట్రో కటాల్డి 1588లో తేల్చాడు, 750 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక దగ్గర పెట్టుకుని. మొదటి మూడంకెలూ 524 కాబట్టి, అంకెల వరకు చూస్తే, అది మన నెల్లూరు వరసలోదే.

మూడో మెట్టు: పక్క సంఖ్యను విడగొట్టడం

ఇప్పుడు రెండో దారి. 524201లోంచి ఒకటి తీసేయండి:

524200 = 2 × 2 × 2 × 5 × 5 × 2621

2621 ప్రధానమే; దాని వర్గమూలం 51 చిల్లర కాబట్టి 47 దాకా భాగించి చూసుకోండి, అయిదు నిమిషాల పని. మనకు కలిసొచ్చేది ఏమిటంటే 2621 అనేది 724 కంటే పెద్దది. ఒకటి తక్కువున్న సంఖ్యలో వర్గమూలాన్ని మించిన ప్రధాన కారణాంకం ఒక్కటి దొరికితే చాలు, మిగతా పని సులువు. దీన్ని హెన్రీ పాక్లింగ్టన్ 1914లో ప్రకటించాడు. దాని పునాది ఫెర్మా 1640లో చెప్పిన మాట: ఒక ప్రధాన సంఖ్యతో పోని ఏ సంఖ్యనైనా, ఆ ప్రధానం కంటే ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తి, అదే ప్రధానంతో భాగిస్తే శేషం 1 వస్తుంది.

మనం తేల్చాల్సినవి రెండు. 2²⁰⁰ను 524201తో భాగిస్తే వచ్చే శేషాన్ని క అందాం.

ఒకటి: క²⁶²¹ శేషం 1 కావాలి.
రెండు: క − 1కీ 524201కీ గ.సా.భా. 1 కావాలి.

ఈ రెండూ నిలిస్తే 524201 ప్రధానం కాక తప్పదు. ఎందుకో చూడండి. అది ప్రధానం కాదనుకుంటే 724 మించని ప్రధాన కారణాంకం ఒకటి ఉండాలి. ఆ కారణాంకంతో భాగించి చూసినా క²⁶²¹ శేషం 1యే. గ.సా.భా. 1 కాబట్టి క శేషం మాత్రం 1 కాదు. 2621 ప్రధానం, దాన్ని ఇంక చిన్న ముక్కలు చేయలేం. కాబట్టి క ఘాతాలు మొదటిసారి 1కి చేరేది సరిగ్గా 2621వ అడుగులోనే. ఫెర్మా మాట ప్రకారం ఆ 2621, మన కారణాంకం కంటే ఒకటి తక్కువున్న సంఖ్యను భాగించి తీరాలి. అంటే కారణాంకం కనీసం 2622 ఉండాలి. 724 దాటకూడనిది 2622 ఎలా అవుతుంది? అలాంటి కారణాంకం లేదు.

నాలుగో మెట్టు: క విలువ

2నే ఎందుకు ఎంచుకున్నామంటే 2¹⁹ = 524288, మన సంఖ్య కంటే 87 మాత్రమే ఎక్కువ. కాబట్టి 2¹⁹ శేషం 87. పంతొమ్మిది గుణకారాలు ఒక్క తీసివేతతో పోయాయి. 200 = 19 × 10 + 10 కాబట్టి 2²⁰⁰ అంటే 87¹⁰ × 1024.

87² = 7569
87⁴ శేషం 151852
87⁵ శేషం 106099
87¹⁰ శేషం 305527
305527 × 1024 = 312859648, శేషం 435852

435852 సగం కంటే ఎక్కువ. సగం దాటిన ప్రతి శేషంలోంచి 524201 తీసేసి రుణసంఖ్యగా రాసుకోండి: క = −88349. అర్థం మారదు, అంకెలు తగ్గుతాయి, హెచ్చవేసేటప్పుడు తప్పులు తగ్గుతాయి. గుర్తు మర్చిపోవడం ఒక్కటే కొత్తగా వచ్చే ప్రమాదం. వర్గం చేస్తే గుర్తు పోతుంది, క తో హెచ్చవేస్తే మారుతుంది. రుణసంఖ్యలను ఎర్రసిరాతో రాస్తే మేలు.

అయిదో మెట్టు: 2621వ ఘాతానికి ఎక్కడం

క ను 2621 సార్లు హెచ్చవేయక్కర్లేదు. 2621ను సగం చేస్తూ, మిగిలిన ఒకటిని వదిలేస్తూ పోండి: 2621, 1310, 655, 327, 163, 81, 40, 20, 10, 5, 2, 1. ఇప్పుడు కిందనుంచి పైకి ఎక్కాలి. ఘాతం సరిగ్గా రెట్టింపైతే శేషాన్ని వర్గం చేసి మళ్లీ శేషం తీయండి. రెట్టింపు కంటే ఒకటి ఎక్కువైతే వర్గం చేసి, శేషం తీసి, క తో హెచ్చవేసి, మళ్లీ శేషం తీయండి. ప్రతి మెట్టులో రావాల్సినవి ఇవి:

1వ ఘాతం: −88349
2: 192911
5: −197853 (మధ్యలో 4కి 52328)
10: 51532
20: −55242
40: −219658
81: −235777 (80కి 80120)
163: 108289 (162కి −198120)
327: −120795 (326కి 131151)
655: −259622 (654కి −227011)
1310: 245701

చివరి మెట్టు పూర్తిగా చూద్దాం. 245701 × 245701 = 60368981401. దాన్ని 524201తో భాగిస్తే 115163.804 చిల్లర. 115163 × 524201 = 60368559763. తీసివేస్తే 421638, సగం దాటింది కాబట్టి −102563. దీన్ని −88349తో హెచ్చవేయాలి, రుణం రుణం ధనమైంది: 9061338487. మళ్లీ భాగిస్తే తెర మీద 17286.0000019 కనిపిస్తుంది. 17286 × 524201 = 9061338486. శేషం 1.

ఎనిమిదంకెల క్యాలిక్యులేటరు ఎందుకు వద్దన్నామో ఇక్కడ తెలుస్తుంది. అంత పెద్ద సంఖ్య దాంట్లో పట్టదు. ఎలాగో పట్టించినా 17286.000 అని చూపిస్తుంది, శేషం సున్నా అనుకుంటారు. మనం వెతుకుతున్న 1 జాడ ఆరో దశాంశంలో దాగి ఉంది.

మధ్యలో తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి ప్రతి గుణకారానికీ తొమ్మిది లెక్క వేయండి. ఉదాహరణకు 115163 అంకెల మొత్తం 17, మళ్లీ కూడితే 8. 524201కి 14, అంటే 5. 8 × 5 = 40, అంటే 4. లబ్ధం 60368559763 అంకెల మొత్తం 58, అది 13, అది 4. కలిసింది. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం తొమ్మిది లెక్క పట్టుకోలేదు, మొత్తం మారదు కదా. దానికి పదకొండు లెక్క వేయాలి: కుడివైపు నుంచి ఒక అంకె కూడి, తర్వాతి అంకె తీసి పోవాలి. రెండూ కలిస్తే ముందుకు కదలండి. ఆఖర్న శేషం 1 కాకుండా ఇంకేదో వస్తే పైనున్న విలువలతో పోల్చి, మొదట తేడా వచ్చిన మెట్టు నుంచి మళ్లీ చేయండి.

ఆరో మెట్టు: గ.సా.భా.

క − 1 = −88350. గుర్తు వదిలేసి పదో తరగతిలో చేసిన యూక్లిడ్ పద్ధతే. 524201ని 88350తో భాగిస్తే శేషం 82451. తర్వాత వరసగా 5899, 5764, 135, 94, 41, 12, 5, 2, 1. గ.సా.భా. 1. రుజువు పూర్తయింది.

"గ.సా.భా. ఎందుకు, శేషం 1 వచ్చింది చాలదా?" అంటే చాలదు. 341ని చూడండి. 2¹⁰ = 1024 = 3 × 341 + 1, కాబట్టి 2¹⁰ శేషం 1, 2³⁴⁰ శేషమూ 1. ఫెర్మా పరీక్ష నెగ్గింది, కానీ 341 = 11 × 31. ఇంకా మొండిది 561 = 3 × 11 × 17; దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యతో పరీక్షించినా నెగ్గుతుంది. శేషం 1 రాకపోతే సంఖ్య ప్రధానం కాదని గట్టిగా చెప్పొచ్చు. వస్తే మాత్రం ఆ ఒక్క కారణంతో ప్రధానమని చెప్పలేం.

ప్రధానమని తేలాక తెలిసే గుణాలు

అన్నిటికంటే అందమైనది ముందు. 524201ని 4తో భాగిస్తే శేషం 1. అలాంటి ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. ఇది కూడా ఫెర్మా చెప్పినదే, రుజువు ఆయిలర్ ఇచ్చాడు. వెతికే పద్ధతి: వర్గమూలం దగ్గర మొదలుపెట్టి దిగుతూ, మిగిలినది వర్గమా కాదా చూడాలి. మామూలుగా వందల ప్రయత్నాలు పట్టొచ్చు. ఇక్కడ మొదటి ప్రయత్నంలోనే దొరుకుతుంది: 524201 − 524176 = 25. అంటే

524201 = 724² + 5²

ఒంగోలు 523001నీ నెల్లూరు 524001నీ 4తో భాగించినా శేషం 1యే. అయినా వాటిని ఇలా రాయలేం. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన కారణాంకం ఒంటిగా ఉంటే రెండు వర్గాల మొత్తం కుదరదు. ఒంగోలుకు 31, నెల్లూరుకు 3 అడ్డుపడ్డాయి.

ఆ రెండు వర్గాల నుంచే ఇంకోటి పుడుతుంది. 104985ను 5తో హెచ్చవేస్తే 524925, అంటే శేషం 724. 724²కీ 5²కీ మొత్తం 524201 కాబట్టి 104985 వర్గానికి ఒకటి కలిపితే మన సంఖ్యతో నిశ్శేషంగా పోవాలి. చూడండి: 104985² + 1 = 11021850226 = 524201 × 21026. ఈ శేషాల లోకంలో −1కి వర్గమూలం ఉందన్నమాట.

1ని 524201తో భాగిస్తే వచ్చే దశాంశాలు ఎన్ని అంకెల తర్వాత తిరిగి మొదలవుతాయి? 524200 దాకా పోవు. 8తో భాగించినా, 5తో భాగించినా మన సంఖ్య శేషం 1, దాంతో 2, 5, కాబట్టి 10 కూడా ఇక్కడ వర్గ శేషాలే, అంటే ఏదో ఒక సంఖ్య వర్గాన్ని 524201తో భాగిస్తే వచ్చే శేషాలే. అందుకని ఆ ఆవృతి పొడవు 262100ను భాగించే సంఖ్యే అవుతుంది.

ఫోన్ నంబరు మీద ప్రయత్నించాలంటే

పదంకెల సంఖ్యకు చేతి భాగహారం కుదరదు. లక్ష లోపే 9592 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. వర్గాలు ఇరవై అంకెలకు పోతాయి కాబట్టి 12 అంకెల క్యాలిక్యులేటరూ చాలదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడండి, ఘాతం, శేషం కలిపి తీసే సదుపాయం అందులో ఉంది, ఎంత పెద్ద సంఖ్యైనా అంకెలు పోవు. మిల్లర్-రాబిన్ పరీక్షను 2, 3, 5, 7, 11 అనే అయిదు ఆధారాలతో చేస్తే పదంకెల దాకా తీర్పు ఖాయం, అనుమానం మిగలదు. ఎన్ని అంకెలున్నా సందేహానికి తావులేకుండా, అంకెలు పెరిగే కొద్దీ విపరీతంగా సాగకుండా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూరులో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు.

పక్క సంఖ్యను పట్టుకోవడమనే ఉపాయం మాత్రం అన్నిటికంటే పెద్ద సంఖ్యల దాకా పోతుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 41024320 అంకెలు ఉన్నాయి. అక్కడ ఒకటి ఎక్కువున్న సంఖ్య సులువు, అంతా 2లే. అందుకే అంత పెద్దదాన్నీ రుజువు చేయగలిగారు.

ఇక దాచమన్న శేషాల పట్టిక. అందులో ప్రతి శేషానికీ 2 కలపండి. ఎక్కడైనా శేషం, భాజకం సమానమైతే ఆ భాజకంతో 524203 పోయినట్టు. 353 దగ్గర శేషం 349కి రెండు కలిపితే 351, రెండు తక్కువ. 29 దగ్గర శేషం 26కి కలిపితే 28, ఒకటి తక్కువ. పట్టికంతా తిరిగినా ఒక్కటీ సమానం కాదు, 524203 వర్గమూలమూ 724 చిల్లరే. కొత్తగా ఒక్క భాగహారమైనా చేయకుండా 524203 కూడా ప్రధానమని తేలిపోయింది. రెండు తేడాతో ఉన్న ఇలాంటి జతను కవల ప్రధాన సంఖ్యలంటారు. మన 524201కి కవల దొరికింది.